వెళ్ళిపోయినవాళ్ళ కాలవ

వోల్ఫ్స్‌బర్గ్, 2021 జూన్. ఉదయం పదిన్నర. మూసి ఉన్న పడగ్గది తలుపు. లోపల జితేంద్ర, బయట అతని భార్య భానుప్రియ.

"పాస్‌పోర్ట్ బయటికి ఇచ్చెయ్యండి అంటే అర్థం కాదేంటండీ మీకు?"

"తలుపు కింద సందు చాలదు భానూ. అట్ట మందం ఉంటుంది కదా దానికి."

"సందు చాలకపోతే తలుపు బెత్తెడు తీసి పడెయ్యండి. నేను వంటింట్లోకి పోయి నిలబడతాను."

"ఇప్పుడెందుకే? ఇంట్లో ఒకళ్ళకి పాజిటివ్ అయితే రెండోవాళ్ళు గడప దాటకూడదు. నీకు తెలీని రూలా? ఫ్రాంక్‌ఫర్ట్ ఎలా వెళ్తావ్?"

"వెళ్తానని నేనన్నానా? నా పాస్‌పోర్ట్ నా దగ్గరుండాలన్నాను, అంతే."

"అల్మారా ముట్టుకున్నాను, ఫైలు ముట్టుకున్నాను. అన్నిటికీ వైరస్సే."

"శానిటైజర్ కొట్టుకుంటాను."

"పాస్‌పోర్ట్‌కి శానిటైజర్ కొడితే వీసా వాళ్ళు రానిస్తారా?"

"వీసా వాళ్ళ దగ్గరికి వెళ్ళట్లేదని మీరే కదండీ ఇప్పుడన్నారు!"

"అబ్బబ్బ. ఒంట్లో బాగాలేని మనిషితో ఈ వాదన ఏంటి భానూ?"

"జ్వరం ఎంతుంది?"

"ఉంది కొంచెం."

"కొంచెమంటే ఎంత? థర్మామీటర్ లోపలే ఉందిగా."

"బ్యాటరీ అయిపోయింది."

"నిన్న సాయంత్రం తొంభైతొమ్మిదిన్నర అన్నారు."

"అప్పుడుంది బ్యాటరీ. ఇప్పుడయిపోయింది. నీకు మళ్ళీ ఏం వచ్చింది టెస్టులో?"

"మూడోది కూడా నెగెటివే. ముక్కు మండిపోతోంది. పీసీఆర్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందా మీకు?"

"రేపు మధ్యాహ్నం."

"ఇవాళ లేదా? ఉండండి, నేను చేస్తాను హెల్త్ ఆఫీసుకి. ఇవాళే మీకు పీసీఆర్‌లో నెగెటివ్ వచ్చేస్తే ఏ రాత్రి రైలో పట్టుకుని..."

"వద్దొద్దు! చెయ్యకు. అరగంట నుంచీ ఫోన్ పట్టుకుని నేనే సాధించాను. నువ్వు మళ్ళీ చేస్తే రెండు బుకింగులైపోయి ఉన్నదీ పోతుంది."

"సరే. అయితే ప్రొఫెసర్ గారికి మెయిల్ రాసేస్తాను. వింటారా?"

"చదువు."

"నా భర్తకి కోవిడ్ పాజిటివ్ వచ్చినందువల్ల రేపు ఉదయం ఎనిమిదిన్నరకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న అమెరికా వీసా ఇంటర్వ్యూకి నేను హాజరు కాలేకపోతున్నాను. తర్వాతి తేదీ డిసెంబర్లో గానీ లేదు. క్లాసులు ఆగస్టులో మొదలవుతాయి కాబట్టి, నా సీటు..."

"ఆపేశావేం?"

"సీటు తర్వాత ఏం రాయాలో తెలీట్లేదండీ."

"ఇంకో ఏడాది ఆపమని రాయి."

"పోయినేడు ఆపారుగా కరోనా అని. ఇదే ఆఖరుసారని అప్పుడే చెప్పారు. నా వెనకాల ఇద్దరున్నారంట వెయిటింగ్‌లో."

"పోనీలే. ఇంకో యూనివర్సిటీ, ఇంకో ఊరు. ఒక్క ఫీనిక్సేనా ఏంటి ప్రపంచంలో? భానూ? ఉన్నావా?"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను? మెయిల్ ఇంకా పంపలేదు. ఒంటిగంటన్నర రైలు దాకా చేతులు రావు నాకు. టికెట్టు కూడా కాన్సిల్ చెయ్యలేదు. చేద్దామని ఇందాక మూడుసార్లు తీశాను."

"ఎంతయింది ఇప్పుడు టైము?"

"పదకొండు కావస్తోంది. ఏం?"

"ఏం లేదు. మందు వేసుకోవాలి. ఇదిగో భానూ, అసలా ఊరి కథేంటో చెప్పు. ఆ ఊరే ఎందుకు పట్టుకున్నావ్?"

"ఏంటీ?"

"చెప్పవే. నేనే వీసా ఆఫీసర్ని అనుకో. మేడమ్, ఫీనిక్స్ నగరం మీద మీకెందుకు ఇంత మోజు?"

"ఏడాదిన్నర్నుంచి ఒకే బల్లకి ఆ చివర మీరు, ఈ చివర నేను. మీకు మీటింగులు, నాకు చదువు. ఒక్కరోజైనా అడిగారా ఏం చదువుతున్నావే అని? ఇవాళ అడుగుతున్నారా!"

"ఇవాళ తలుపు అడ్డముందిగా. మొహం చూసి అడగడానికి మొహమాటం."

"పెళ్ళాన్ని అడగడానికి మొహమాటమేంటండీ మీకు?"

"సరే, తప్పే. ఇప్పుడు చెప్పు. ఆ మెయిల్ మీదికి పోకుండా ఉంటుంది మనసు. ఫీనిక్స్ అంటే ఆ పక్షేగా? కాలిపోయి బూడిదలోంచి మళ్ళీ లేస్తుందే, అది?"

"అదే. కానీ మొదట ఆ పేరు కాదు. మొదట ఆ ఊరిని గుమ్మడికాయల ఊరు అనేవాళ్ళు."

"హహ్హ! నిజంగానే?"

"నిజం. పంప్‌కిన్‌విల్ అని. కాలవ గట్లెంబడి ఇంతింత గుమ్మడికాయలు కాసేవంట."

"ఎడారిలో కాలవలెక్కడివి?"

"అదేనండీ కథంతా! పద్దెనిమిది వందల అరవయ్యేడులో స్విల్లింగ్ అని ఒకాయన ఆ ఎడారిలోకి వచ్చాడు. చుట్టూ ఇసక, ముళ్ళచెట్లు. అల్లంత దూరంలో ఉప్పు ఏరు."

"సముద్రమా?"

"కాదు, నదే. సాల్ట్ రివర్ అంటారు. నేల మీద చూస్తే పొడుగ్గా గుంటలు, గట్లు. ఎండిపోయిన కాలవలు. ఎవరో ఎప్పుడో తవ్వినవి. ఒకటీ రెండూ కాదు, వందల మైళ్ళు. ఈయన నలుగుర్ని పోగేసి పూడిక తీయించాడు. పాత దారినే నీళ్ళు పారాయి. గోధుమ, బార్లీ, గుమ్మడి. ఊరైపోయింది."

"తవ్వినవాళ్ళెవరు మొదట?"

"ఆయన రావడానికి నాలుగొందల ఏళ్ళ ముందే అక్కణ్ణుంచి కనపడకుండా పోయినవాళ్ళు. అంతకుముందు వెయ్యేళ్ళు అక్కడే బతికారు. ఇనుము లేదు, ఎడ్లు లేవు, బండి లేదు. కర్రలతో, రాతి పనిముట్లతో తవ్వారు. వాలు ఎంత లెక్కగా ఉంటుందో తెలుసా? మరీ ఎక్కువైతే గట్టు కోసేస్తుంది, తక్కువైతే పూడిపోతుంది. రెండూ కాకుండా పట్టారండీ వాళ్ళు. మా నాన్నకి వీడియోలో చూపించాను ఫోటోలు."

"ఏమన్నాడు మా బ్రహ్మయ్య మామ?"

"నరసాపురం కాలవ మీద ముప్పయ్యేళ్ళు లస్కరు పని చేసిన మనిషి. తూములెత్తడం, దించడం, గండి పడకుండా గట్టు మీద తిరగడం తప్ప ఇంకోటి ఎరగడు. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి లాక్కుని చూశాడు. 'ఎవరో మనోళ్ళేనే అమ్మాయీ, లస్కరు లేకుండా ఇంత కాలవ నడవదు' అన్నాడు."

"హహ్హహ్హ! అమెరికాలో లస్కరు!"

"నవ్వకండి. నాకు ఏడుపొచ్చింది ఆ రోజు. మా నాన్నని ఇంజనీర్లందరూ 'ఒరే' అని పిలిచేవాళ్ళు. ఆ కాలవలు తవ్వినవాళ్ళకి ఇప్పుడు పుస్తకాలూ, మ్యూజియంలూ. నేను వెళ్ళేది అందుకేనండీ. వాళ్ళ నీళ్ళు ఎవరు పంచేవాళ్ళు, చివరి పొలానికి నీళ్ళు రాకపోతే ఎవరితో దెబ్బలాడేవాళ్ళు, అది వెతకాలి. మా నాన్న లాంటోడు ఒకడు అక్కడ ఉండే ఉంటాడు."

"ఇదెప్పుడూ చెప్పలేదు నువ్వు నాకు."

"మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకునుంటారు."

"ఊఁ. మరి గుమ్మడికాయ ఫీనిక్స్ ఎలా అయింది?"

"పేరు కోసం మాటామాటా అనుకున్నారు. స్విల్లింగేమో వాళ్ళ దేశంలో జరిగిన యుద్ధంలో ఓడిపోయిన పక్షం మనిషి. వాళ్ళ జనరల్ పేరు మీద స్టోన్‌వాల్ అని పెడదామన్నాడు."

"స్టోన్‌వాల్. రాతిగోడ. మన ఫ్లాటుకి పెట్టుకోవచ్చు ఆ పేరు."

"మనకెందుకు, మన వోల్ఫ్స్‌బర్గ్ అంటేనే తోడేలు కోటేగా. అది చాలదా?"

"ఇదీ అరువు పేరేలే. పంతొమ్మిది వందల ముప్పయ్యెనిమిదిలో నాజీలు కార్ల ఫ్యాక్టరీ కోసం కట్టారు ఈ ఊరిని. అప్పుడు ఆ కారు పేరే బారెడు పొడుగు ఊరి పేరు. యుద్ధం అయ్యాక సిగ్గేసి, పక్కనున్న పాత కోట పేరు తగిలించారు."

"మీకివన్నీ తెలుసా?"

"ఒక్కణ్ణే వాకింగ్‌కి వెళ్తానుగా. బోర్డులన్నీ చదువుతాను. తర్వాత?"

"ఇంకొకాయన సలీనా అన్నాడు, ఉప్పు ఏరు కదా అని. అప్పుడు డుప్పా అని బాగా చదువుకున్న ఇంగ్లీషాయన లేచి, పోయినవాళ్ళ ఊరి శిథిలాల మీద మనం కొత్త ఊరు లేపుతున్నాం, బూడిదలోంచి లేచే పక్షి పేరు పెడదాం అన్నాడంట. అదే నిలబడింది."

"బాగుందే. సినిమాలాగుంది."

"వినడానికి బానే ఉంటుంది. నాకు మాత్రం నచ్చదు. అక్కడ బూడిదేం లేదండీ. కాలవలున్నాయి. ఒకళ్ళు తవ్వినవి. వాటి మీద బతుకుతూ పేరేమో పక్షిది పెట్టుకున్నారు. తవ్వినవాళ్ళకి పేరే లేదు."

"అస్సలు లేదా?"

"వాళ్ళని వాళ్ళేమనుకునేవాళ్ళో ఎవరికీ తెలీదు. తర్వాత చదువుకున్నోళ్ళు హోహోకం అని రాశారు. అక్కడి ఓధం జనం మాటలోంచి తీసుకుని. వెళ్ళిపోయినవాళ్ళు అని అర్థం చెప్తారు."

"వెళ్ళిపోయినవాళ్ళు..."

"ఆ. ఓధం వాళ్ళు ఒప్పుకోరు అలా అంటే. మా పెద్దలే వాళ్ళు, ఎక్కడికీ పోలేదు, మేమున్నాంగా ఇక్కడే అంటారు."

"అంత కష్టపడి తవ్వుకుని, మరి వదిలేశారెందుకు?"

"వరదలొచ్చి గట్లు తెగాయని కొందరు. కరువని కొందరు. నేల చౌడు తేలిందని కొందరు. వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నారని కొందరు."

"నువ్వేమంటావ్?"

"నేనింకా చదవాలిగా చెప్పడానికి. నాకనిపించేదేంటంటే, ఏ ఒక్క కారణానికో ఇల్లు వదలరండీ ఎవరూ. ఓ ఏడు పూడిక తీసేవాళ్ళు తగ్గుంటారు. ఇంకో ఏడు ఇంకొంచెం. ఓ రోజు చూసుకుంటే నీళ్ళు రావట్లేదు."

"బానే చెప్పావ్. ఈ ముక్క రేపు అక్కడ చెప్పుంటే వెంటనే ఇచ్చేసేవాళ్ళు వీసా."

"చెప్పుంటే కదా."

"ఊఁ. ఎంతయింది?"

"పన్నెండుకి పది నిమిషాలు. మాటిమాటికీ టైమెందుకండీ మీకు? ఎన్ని మందులు వేసుకుంటారు?"

"లోపల గడియారం లేదు. ఏం తోచట్లేదు. నువ్వు చెప్తూ ఉండు, బాగుంది."

"ఉండండి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మా ఫ్రెండ్ నవ్యశ్రీ మెసేజ్ పెట్టింది... ఏవండీ! ఏవండోయ్!"

"ఏంటి? ఏమైంది?"

"కోవిడ్ వల్ల ఇంటర్వ్యూ తప్పిపోతే అర్జంటు తేదీ అడగొచ్చంట! వాళ్ళ ఫ్రెండుకి జూలైలోనే ఇచ్చారంట. ప్రూఫ్ పెట్టాలి. పీసీఆర్ కాగితం తర్వాత పంపొచ్చంట, ముందు టెస్ట్ కిట్టు ఫోటో, మీ పేరు, తేదీ ఉంటే చాలంట. ఫోటో తీసి పంపండి తొందరగా."

"ఏ ఫోటో?"

"మీ కిట్టుదండీ. పొద్దున్న చేసుకున్నారుగా, రెండు గీతలు వచ్చిందీ."

"అది... పడేశాను."

"ఎక్కడ? గదిలో చెత్తబుట్ట లేదు."

"కిటికీలోంచి."

"ఏంటీ? మీరా? ఖాళీ సీసాలకి తెల్లది, పచ్చది, గోధుమరంగుది అని మూడు సంచులు పెట్టిన మనిషి, జర్మనీలో కిటికీలోంచి చెత్త పారేశారా?"

"జ్వరంలో ఉన్నాను కదే."

"నేను కిందకి పోయి చూస్తానైతే. మాస్కు పెట్టుకుని మెట్ల మీదినుంచి..."

"ఆగాగు! ఉంది. ఇదిగో, మంచం కింద ఉంది. పంపుతున్నాను."

"హమ్మయ్య. దేవుడున్నాడండీ. జూలైలో ఇస్తే ఆగస్టుకి అందుకుంటాను. మెయిల్ పంపకపోవడమే మంచిదైంది... వచ్చింది. అయ్యో, ఏంటిది, అంతా మసగ్గా ఉంది. మళ్ళీ తియ్యండి."

"కెమెరా అంతే అది."

"పోయిన నెల్లోనే కదండీ కొన్నారు ఆ ఫోను. కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి తియ్యండి. నేను వెనక్కి పంపుతూనే ఉంటాను, వదలను."

"వాళ్ళు అంత పట్టి చూడరులే భానూ."

"మన ఖర్మకి చూస్తారు. తియ్యండి... ఆ, ఇది బాగుంది."

"గీతలు కనపడుతున్నాయిగా రెండూ?"

"కనపడుతున్నాయి."

"చూశావా మరి? అప్లోడ్ చేసెయ్."

"ఏవండీ."

"ఊఁ."

"చుక్కలేసే గుంట ఉంటుంది కదా కింద. అందులో నల్లగా, గుండ్రంగా ఏంటది?"

"ఏదీ? దుమ్మేమో."

"దుమ్ము కాదు."

"ఫోన్ మీద మరకేమో. నీ ఫోన్ తుడిచి చూడు."

"పెద్దది చేసి చూస్తున్నాను. ఆవగింజ. ముక్కులోంచి ఆవగింజ వచ్చిందా అండీ మీకు?"

"భానూ..."

"పక్కనంతా పసుప్పచ్చగా ఉంది. పొద్దున్నే మీకు జ్వరమని, గొంతు నొప్పని, మిరియాలు దంచి చారు కాచి గడప దగ్గర పెట్టాను. చాలా బాగుంది, ప్రాణం లేచొచ్చిందే అన్నారు. తాగారా అసలు దాన్ని?"

"తాగాను. రెండు చుక్కలే... రెండే చుక్కలు."

"రెండు చుక్కలు అందులో పోశారు."

"తాలింపు ఉంటుందనుకోలేదు చెంచాలో."

"ఎవరు చెప్పారు మీకు చారు పోస్తే గీత వస్తుందని?"

"చారని కాదు. పులుపు ఏదైనా వస్తుందంట. స్కూలు ఎగ్గొట్టడానికి పిల్లలు నిమ్మరసం పోస్తున్నారని ఇక్కడి వార్తల్లో చూశాను. లోపల నిమ్మకాయ లేదు. చారుంది."

"అంతకుముందు చేసిన కిట్టు?"

"ఒకటే గీత."

"జ్వరం?"

"లేదు."

"పీసీఆర్ టెర్మిన్?"

"తీసుకోలేదు."

"అరగంట ఫోన్ పట్టుకున్నానన్నది?"

"అబద్ధమే."

"రేపు మధ్యాహ్నం నాకేం చెప్దామనుకున్నారు? పీసీఆర్ నెగెటివ్ వచ్చిందే, దేవుడి దయ అనా?"

"అలాగే అనుకున్నాను."

"నేను మూడుసార్లు పుల్ల పెట్టుకున్నానండీ ముక్కులో. రక్తం కూడా వచ్చింది రెండోసారి. నాకు నెగెటివే కదా, చెప్పకుండా వెళ్ళిపోదామా అని ఒక్క నిమిషం అనిపించింది. రాత్రికి దిగేది నవ్యశ్రీ ఇంట్లో, అక్కడ నెలల పిల్ల ఉందే, దానికేమైనా అయితే అని నన్ను నేనే తిట్టుకున్నాను. మీరేమో నేను రూల్ తప్పనని తెలిసి..."

"తెలుసు కాబట్టే. నువ్వు తప్పవని తెలుసు."

"సిగ్గు లేదా మీకు?"

"భయముంది. సిగ్గు కన్నా భయం ఎక్కువుంది. నన్ను చెప్పనిస్తావా?"

"చెప్పండి."

"వెంకటరామారావు గారు గుర్తున్నారా? బ్రౌన్‌ష్వైగ్‌లో ఒక్కరే ఉండేవారు, మా టీమే."

"ఫిబ్రవరిలో పోయారు. గుండెపోటన్నారు."

"గుండెపోటే. సోమవారం పోయారు. గురువారం తలుపు పగలగొట్టారు. నాలుగు రోజులు లాగిన్ అవలేదేంటని మేము చాట్‌లో జోకులేసుకున్నాం భానూ. సెలవు పెట్టకుండా ఎంజాయ్ చేస్తున్నాడు బాబాయి అని రాశాను నేను. నేనే రాశాను! ఆ మెసేజ్ ఇప్పటికీ ఉంది. కింద రెండు నీలం గీతలు పడలేదు, చూడలేదాయన. అప్పట్నుంచి నిద్ర పట్టదు నాకు. నీ పక్కన పడుకుని నీ ఊపిరి వింటూ ఉంటాను. నువ్వు అక్కడ కాలవలు వెతుక్కుంటూ ఉంటావు, నేనిక్కడ ఈ రెండు గదుల్లో... కనీసం లాగిన్ అవలేదని అడిగేవాళ్ళు కూడా జోకులే వేస్తారు. ఎంతో కష్టపడి ధైర్యం చెప్పుకున్నాను. నిన్న నువ్వు బ్యాగు సర్దుతుంటే ఇంక నా వల్ల కాలేదు."

"ఫిబ్రవరి. మార్చి, ఏప్రిల్, మే, జూన్. నాలుగు నెలలండీ. ఒక్క ముక్క చెప్పలేదు నాకు."

"ఒక్కణ్ణే ఉండలేనే అని ఎలా చెప్పను? ముప్పయ్యేడేళ్ళ గాడిదని."

"నోటితో చెప్పాలి."

"చెప్తే ఆగిపోయేదానివా?"

"తెలీదు. ఆగేదాన్నేమో. లేకపోతే ఇద్దరం కూర్చుని ఏదో ఒకటి చేసేవాళ్ళం. మీకు తెలుసా, ప్రొఫెసర్ గారిని పోయిన వారమే అడిగాను. రెండేళ్ళు అక్కడ తవ్వకాలు, కోర్సులు అయిపోయాక మిగతాది ఇక్కణ్ణుంచే రాసుకోవచ్చా అని. ఒప్పుకున్నారు. ప్రతి డిసెంబర్లో నెలరోజులు వచ్చేలా కూడా."

"నాకు చెప్పలేదే?"

"రేపు వీసా వచ్చాక చెప్పి మిమ్మల్ని సంతోషపెడదామనుకున్నాను. పిచ్చిదాన్ని."

"భానూ... అయితే ఇంకేం? నువ్వు వెళ్ళు. నేను ఉంటాను. ఉండగలను. ఇప్పుడు టైమెంతయింది?"

"పన్నెండూ ఇరవై. ఈసారి నాకు పనికొచ్చే టైమే. ఒంటిగంట బస్సు అందుకుంటే రైలు దొరుకుతుంది. తలుపు తియ్యండి."

"కోప్పడతావా?"

"తియ్యండి ముందు."

"ఇదిగో... తీశాను. ఏంటలా చూస్తున్నావ్?"

"గడ్డం గీసుకున్నారే. జ్వరంలో."

"అలవాటుకొద్దీ గీసేశాను."

"ఫైలు ఇలా ఇవ్వండి. పాస్‌పోర్ట్, ఫీజు రసీదు, యూనివర్సిటీ కాగితం... ఫోటోలేవి?"

"నా చొక్కా జేబులో. ఇదిగో."

"జేబులో ఎందుకున్నాయి నా ఫోటోలు?"

"ఒకటి ఉంచుకుందామని. నేనూ వస్తాను స్టేషన్ దాకా. నాకు పాజిటివ్ కాదుగా."

"వద్దు."

"బ్యాగు బరువు."

"చక్రాలున్నాయి దానికి."

"నవ్యశ్రీకి చెప్పకు ఈ సంగతి. నీకు దండం పెడతాను."

"ఏం చెప్పమంటారు? కిట్టు అబద్ధం చెప్పిందనా? చెప్పనులెండి. నాకే తలవంపులు."

"కాలవల సంగతి చక్కగా చెప్పావు ఇందాక. రేపూ అలాగే చెప్పు. గుమ్మడికాయలతో మొదలెట్టు, ఆఫీసర్ నవ్వుతాడు. నేను నటించలేదు భానూ ఆ గంటసేపూ. మందుల వంకతో టైము అడగడం ఒక్కటే నటన. కథ నిజంగానే విన్నాను."

"తెలుసు. అందుకే ఎక్కువ మండుతోంది. అంత బాగా వింటారని ఇంతకాలం తెలీలేదు నాకు. అన్నం కుక్కర్లో ఉంది. చారు ఇంకా సగం గిన్నె ఉంది, ఈసారి తాగండి. మా తమ్ముడు సృజన్‌కి మెసేజ్ పెట్టాను, రోజూ పొద్దున్నా సాయంత్రం ఫోన్ చేస్తాడు మీకు. ఎత్తండి. ఎత్తకపోతే కింద ఫ్లాట్ ఆవిడ వచ్చి తలుపు కొడుతుంది, ఆవిడకీ చెప్తున్నాను పోతూ."

"నువ్వు చెయ్యవా ఫోను?"

"చేరాక చేస్తాను."

"రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటావుగా? పప్పుచారు నేనే పెడతాను. ఏమంటావ్? ఏంటే, అలా చెప్పులేసుకుని మాట్లాడకుండా దిగిపోతున్నావ్? గడప దాటుతూ వెళ్ళొస్తానని అనవేం? అను భానూ."

"పొద్దున్నయితే అదే అనేదాన్నండీ. వెళ్తున్నాను."